సైకిలు దిగాక

కుడి వైపు పాలు రావడం లేదు.

ఎడమ వైపు పావుగంటలో అయిపోయింది. కుడి వైపే మొండికేసింది. బట్టలు మార్చుకునే గుడారంలో ఒక మూలకి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, అందరికీ వీపు పెట్టి కూర్చుని, ఆమె చేతిపంపు నొక్కుతూనే ఉంది. పాలు నిండిన రొమ్ముతో ఈదడం ఎలా ఉంటుందో ఈ నాలుగు నెలల్లో ఆమెకి బాగా తెలిసొచ్చింది. చెయ్యి ముందుకి చాచినప్పుడల్లా చంకలో ఎవరో రాయి పెట్టి నొక్కినట్టుంటుంది. కిలోమీటరున్నర ఈతలో అలాంటి బారలు వెయ్యికి పైనే వెయ్యాలి.

పక్కన మిగతా పోటీదారులు కాళ్ళకి నొప్పుల మందు రుద్దుకుంటున్నారు. వాళ్ళలో సగం మంది ఆమె కన్నా పదేళ్ళు చిన్న. ఒకమ్మాయి పంపు చప్పుడుకి తిరిగి చూసి, చూడకూడనిదేదో చూసినట్టు తల తిప్పేసుకుంది.

తెర అవతల అమ్మ గొంతు వినిపిస్తోంది. తొమ్మిది నెలల మనవరాలిని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ, "వస్తుందమ్మా, వచ్చేస్తుంది, మీ అమ్మకి ఎప్పుడూ ఆలస్యమే" అని చెబుతోంది. ఆ గొంతు వింటుంటే భుజాలు కాస్త దిగాయి. పాలు వచ్చాయి.

సీసా పట్టుకుని బయటికి వచ్చేసరికి అమ్మ ఎగాదిగా చూసింది.

"ఏమైనా తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఆ మొహం చూస్తే తిన్నట్టు లేదు."

"నీ మనవరాలు నిద్రపోనిస్తే మొహం బాగానే ఉండేది" అని ఆమె పిల్ల బుగ్గ ఒకసారి నిమిరి, తన సామాను చూసుకోవడానికి మార్పు స్థలం వైపు నడిచింది. పోటీ మొదలవడానికి ఇంకా గంటన్నర ఉంది.

ఈ పోటీని ట్రయథ్లాన్ అంటారు. మూడు భాగాలు. ముందు రేవులో ఈత. ఒడ్డెక్కి తడి బట్టలతోనే సైకిలెక్కి నలభై కిలోమీటర్లు తొక్కాలి. సైకిలు దిగి పది కిలోమీటర్లు పరిగెత్తాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు కూడా గడియారం ఆగదు. అందుకే మార్పు స్థలంలో ఎవరి కమ్మీకి వాళ్ళ సైకిలు తగిలించి ఉంటుంది, కింద పెట్టెలో పరుగు బూట్లు నోళ్ళు తెరుచుకుని సిద్ధంగా ఉంటాయి.

ఆమె సైకిలు కమ్మీకి వేలాడుతోంది. హ్యాండిలు మీద హెల్మెట్ ఉంది. కింద పెట్టె ఖాళీగా ఉంది.

పక్క కమ్మీ దగ్గర ఆమె భర్త గొంతుక్కూర్చుని ఇంకో సైకిలు చైను తుడుస్తున్నాడు. అతను జట్టు మెకానిక్. జట్టులో ఏ సైకిలుకి ఏ మర వదులో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

"నా బూట్లేవి?"

అతను చైను తుడుస్తూనే ఉన్నాడు. అది అప్పటికే తళతళలాడుతోంది.

"ఏమయ్యా, నిన్నే. పరుగు బూట్లు పెట్టలేదేం?"

"వ్యానులో ఉన్నాయి."

"వ్యానులో ఉంటే ఏం లాభం? తెచ్చి పెట్టు."

"అక్క నీతో మాట్లాడతానంది."

"దేని గురించి?"

"అక్కనే అడుగు."

ఎనిమిదేళ్ళ కాపురం. మాట దాచాల్సి వస్తే అతని చేతులు పని వెతుక్కుంటాయని ఆమెకి తెలుసు. వంగి అతని చేతిలోని గుడ్డ లాక్కుంది.

"నీకు తెలుసు. నువ్వే చెప్పు."

అతను నల్లటి వేళ్ళ వంక చూసుకున్నాడు. "ఇవాళ నువ్వు పరిగెత్తక్కర్లేదంట. ఈత అయ్యాక మిడత కోసం ఆగి, సైకిలు మీద దాన్ని ముందు గుంపు దాకా లాక్కొస్తే చాలంట. సైకిలు దిగాక కాలికున్న టైము చిప్పు విప్పి రిఫరీకి ఇచ్చేసి, పక్కకి వచ్చెయ్యమంది."

ఆమెకి మొదట అర్థం కాలేదు. మిడత అని పిలిచేది జట్టులో అందరికన్నా చిన్న పిల్లని. మాటలు అర్థమయ్యాయి గానీ, అవి తన గురించని తట్టలేదు.

"ఎప్పుడు చెప్పింది నీకు?"

"బుధవారం."

"ఇవాళ ఆదివారం."

"ముందే చెబితే నీ మనసు పాడవుతుందని… పిల్ల కూడా పడుకోవట్లేదు కదా… నీ మంచికే అనుకున్నా."

"నా మనసు కోసమా, నీ ఉద్యోగం కోసమా?"

కాన్పు సెలవులో ఏడాది పాటు జట్టుని నడిపే కంపెనీ ఆమెకి సగం జీతమే ఇచ్చింది. ఇల్లు గడిచింది అతని జీతం మీద. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. బుధవారం, గురువారం, శుక్రవారం, శనివారం — ఆ నాలుగు రోజులూ అతను ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. పొద్దున్నే ఆమె పరుగుకి వెళ్తుంటే బూట్ల తాళ్ళు సరిచేసి ఇచ్చాడు. నిన్న సాయంత్రం ఆమె పిల్లని ఒళ్ళో వేసుకుని, పరుగులో ఏ చుట్టు ఎంత వేగంతో వెళ్ళాలో లెక్క చెబుతుంటే, ఊ కొడుతూ విన్నాడు కూడా.

గుడ్డ అతని ఒళ్ళో పడేసి, అక్కని వెతుక్కుంటూ వెళ్ళింది.

జట్టు మేనేజరుని అందరూ అక్క అనే అంటారు. పేరు పెట్టి గానీ మేడమ్ అని గానీ పిలిచేవాళ్ళు లేరు. జట్టులో ఎవరికి జ్వరమొచ్చినా ముందు నుదుటి మీద పడే చెయ్యి అక్కదే. ఇరవై ఏళ్ళ కిందట అక్క కూడా పెద్ద పేరున్న పోటీదారే. కొడుకు పుట్టిన ఆరు వారాలకే పిలిచి పరిగెత్తించారు. తుంటి ఎముక బీటలిచ్చింది. మళ్ళీ పోటీలో నిలబడలేదు. ఆ కథ చెప్పేటప్పుడు అక్క గొంతు ఇప్పటికీ బొంగురుపోతుంది.

అందుకే, కడుపుతో ఉన్నానని ఆమె మొదట చెప్పింది అక్కకే. భర్త కన్నా ముందు. అక్క ఆమెని గట్టిగా హత్తుకుంది.

"భయపడకు. నాకు చేసినట్టు నీకు చెయ్యనివ్వను. నీకు కావలసినంత కాలం తీసుకో. నీ చోటు నీదే."

ఆ మాట పట్టుకునే ఆమె ధైర్యంగా కన్నది. జట్టుని నడిపేది నీటి పంపుల కంపెనీ. వాళ్ళకీ ఆ కడుపు పనికొచ్చింది. ఎనిమిదో నెలలో ఆమెని సైకిలు పక్కన నిలబెట్టి, చెయ్యి కడుపు మీద పెట్టించి ఫొటో తీశారు. ఊరంతా గోడల మీద అంటించారు. కింద పెద్ద అక్షరాలతో కంపెనీ మాట: 'ఆగని ధార.'

తీరా కాన్పయిన నాలుగో నెలలో, మొదటిసారి రెండు కిలోమీటర్లు పరిగెత్తిన రోజున, తొడల మీద వెచ్చగా తగిలింది. చెమట అనుకుంది. కాదు, మూత్రం. పరుగు ఆగినా అది వెంటనే ఆగలేదు. ఇంటికొచ్చి స్నానాలగదిలో కూలబడిపోతే, అమ్మ తలుపు తోసుకుని వచ్చి చూసింది.

అమ్మ ముప్పై ఏళ్ళు ఆస్పత్రి బట్టలుతికే గదిలో పని చేసింది. ఆవిడకి ఒక్క చూపు చాలు.

"దీనికేనా ఏడుస్తున్నావు? మా గదిలో పన్నెండుమంది ఆడవాళ్ళం. తడి దుప్పట్ల మూట ఎత్తితే పదిమందికి కారేది. లోపల గుడ్డ కట్టుకుని ఎత్తేవాళ్ళం. నాకిప్పటికీ గట్టిగా తుమ్మితే అంతే."

"డాక్టరుకి చెప్పలేదా అమ్మా?"

"ఉన్నదే ఆస్పత్రిలో. ముప్పై ఏళ్ళలో ఏ డాక్టరూ అడగలేదు. మేమూ చెప్పలేదు."

ఆమె ఏడుపు మధ్యలోనే నవ్వింది. "గోడ మీద ఏం రాశారో చూశావా అమ్మా? ఆగని ధారంట." అమ్మకి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక ఇద్దరూ తడి నేల మీద కూర్చుని కడుపు నొప్పి పుట్టేలా నవ్వారు. నవ్వితే ఇద్దరికీ కారింది, అందుకు మళ్ళీ నవ్వారు.

లేచి వెళ్తూ అమ్మ ఒక్క మాట చెప్పింది. "ఎవరికీ చెప్పకు. చెప్పుకుంటే చులకనైపోతాం."

ఆమె చెప్పింది. అక్కకి చెప్పింది. ఆఫీసు గది తలుపు వేసి, అక్క ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని విన్నది. "నా కడుపులోనే ఉంటుంది" అన్నది. తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపింది. నేల మీద పడుకుని, కూర్చుని, నిలబడి, కండరాలు బిగించి వదిలే వ్యాయామాలు. పిల్లకి పాలిస్తూ చేసింది, అన్నం కలుపుతూ చేసింది, బస్సులో నిలబడి చేసింది. ఇప్పుడు చాలా నయం. ఆరో కిలోమీటరు దాటి వేగం పెంచితేనే ఎప్పుడైనా వస్తుంది. మూడు వారాల కిందటి పరీక్ష పరుగులో పది కిలోమీటర్లు ముప్పై ఆరు నిమిషాల్లో చేసింది. కోచ్ గడియారం రెండుసార్లు చూసుకున్నాడు.

అక్క జట్టు వ్యాను వెనక, మడత బల్ల మీద కాగితాలు సర్దుతోంది. ఆమె రావడం చూసి పక్క కుర్చీ మీది సంచి తీసింది.

"రా, కూర్చో. పాలు పట్టావా పిల్లకి?"

"నన్ను పరిగెత్తొద్దన్నారా?"

అక్క నిట్టూర్చింది. "వాడు నోరు జారాడా? నేనే నెమ్మదిగా చెబుదామనుకున్నా. ముందు కూర్చో తల్లీ."

"నిలబడే ఉంటా."

"చూడు. ఈ ఏడాది జట్టు బట్టలు తెల్లవి చేశారు. పరుగులో కెమెరా బండి పక్కనే వస్తుంది. అందులోనూ నిన్ను వదలరు, గోడల మీద ఉన్నది నువ్వే కదా. ఏదైనా అయితే దేశమంతా చూస్తుంది. కంపెనీవాళ్ళు నీ ఫైలు చూసి భయపడ్డారు."

"నా ఫైల్లో అదెందుకుంది?"

అక్క కాగితాల అంచులు సమం చేసింది. చేసిన వాటినే మళ్ళీ చేసింది.

"ఎవరు రాశారక్కా?"

"నేనే. రాయాల్సొచ్చింది. ఆరోగ్యం సంగతి దాచానని రేపు ఎవరైనా అంటే నా మెడకి చుట్టుకుంటుంది."

"మీ కడుపులోనే ఉంటుందన్నారు."

"అన్నాను. ఆ రోజు నిజంగానే అన్నాను." అక్క గొంతు తగ్గించింది. "నిన్ను పూర్తిగా తీసేద్దామన్నారు. సైకిలు దాకైనా ఉండనివ్వండని నేనే బతిమాలి ఒప్పించా. పై ఏడాదికి పిల్లలకి ఈత నేర్పే ఉద్యోగం కూడా మాట్లాడి పెట్టా. పూర్తి జీతం. ఇంటి పక్కనే కొలను. నీ పిల్ల నీ కళ్ళెదుటే పెరుగుతుంది. ఇంకేం కావాలి?"

"ఇవాళ మధ్యలో ఆగిపోతే నా ర్యాంకు పోతుంది. మీకు తెలుసు."

అక్కకి తెలుసు. కాన్పు కోసం ఆగినవాళ్ళ స్థానాన్ని ఏడాదిన్నర దాచి ఉంచుతారు. ఆ గడువు ఈ నెలాఖరుతో సరి. ఈలోపు ఉన్నది ఈ ఒక్క పోటీ. ఇది పూర్తి చేసి మొదటి ఇరవైమందిలో ఉంటేనే పెద్ద పోటీల జాబితాలో ఆమె మిగులుతుంది. సగంలో దిగిపోయినవాళ్ళకి ఏమీ రాదు. ముప్పై మూడేళ్ళ వయసులో మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

"నీ చోటు నీదే అన్నారు కదక్కా."

అక్క తలెత్తింది. ఆ కళ్ళల్లో నీళ్ళున్నాయి, కానీ గొంతు పొడిగానే ఉంది.

"నాకైతే ఆ మాట అన్నవాళ్ళు కూడా లేరు."

పద్నాలుగేళ్ళుగా నా అనుకున్న మనిషి. తను పోగొట్టుకున్నది నీకు దక్కేలా చూస్తానని చెప్పిన మనిషి. ఆ మాట వెనకాల ఇంకో మాట ఇన్నేళ్ళూ కాచుకుని కూర్చుందని ఇప్పుడు తెలిసింది.

"మిడతకి తెలుసా?"

"తెలుసు. పథకం కదా. అందరికీ చెప్పాం."

"అందరికీ" అని ఆమె మెల్లగా అంది.

వ్యాను తలుపు తెరిచే ఉంది. సీటు కింద ఆమె బూట్ల సంచి, పిల్ల దుప్పటి కింద తోసేసి ఉంది. తీసుకుంది. అక్క వెంటనే, "అవెందుకు?" అంది.

"పెట్టె ఖాళీగా ఉంటే రిఫరీలు అడుగుతారు."

అక్క తల ఊపింది. "అవును, మంచిదే" అంది. చెప్పిన ఆమె కూడా ఆ క్షణంలో అందుకే అనుకుంది.

*

కూత మోగగానే యాభై ఐదుమంది ఒక్కసారిగా నీళ్ళలో దూకారు. మోచేతులు, మడమలు, నురగ. రేవు నీళ్ళు ఉప్పగా, డీజిలు వాసనతో నోట్లోకి వచ్చాయి. ఈత ఆమె సొత్తు. చిన్నప్పుడు అమ్మ పని అయ్యేదాకా ఆస్పత్రి వెనక కాలువలో పడి ఈదేది. ఇవాళ కూడా నీళ్ళు ఆమెకి దారి ఇచ్చాయి. కుడి చంకలో సలుపు మొదలైనా ఒడ్డెక్కేసరికి నాలుగో స్థానంలో ఉంది.

సైకిలెక్కాక ఆమె వాళ్ళు చెప్పింది చెప్పినట్టే చేసింది. అదే తర్వాత ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగించింది. పద్నాలుగేళ్ళు చెప్పింది విన్న ఒళ్ళు, ఇవాళ కూడా విన్నది. ముందు వెళ్తున్న ముగ్గురిని వదిలేసి కాలు నెమ్మది చేసింది. ముప్పై సెకన్లకి వెనక నుంచి మిడత వచ్చింది.

మిడతకి ఇరవై ఏళ్ళు. పొడుగు కాళ్ళు, ఎగిరెగిరి పడే పరుగు. పరుగులో దాన్ని అందుకునేవాళ్ళు లేరు. ఈత, సైకిలు మాత్రం అంతంతే. ముందున్న మనిషి గాలిని కోసుకుంటూ పోతుంటే వెనక నక్కి తొక్కేవాళ్ళకి మూడోవంతు బలం మిగులుతుంది. ఆ మిగిలిన బలంతో మిడత పరుగులో గెలుస్తుంది. లెక్క తప్పేమీ కాదు. లెక్కలో ఆమె మనిషి కాదు, గాలికి అడ్డం పెట్టిన తలుపు.

ఎనిమిది చుట్లు. ప్రతి చుట్టులోనూ జనం కూర్చునే మెట్ల ముందు నుంచి పోవాలి. ప్రతిసారీ అమ్మ కనిపించింది. పిల్ల చెయ్యి పట్టుకుని ఊపుతోంది. పిల్ల మాత్రం పక్కనున్న వాళ్ళ గొడుగునే చూస్తోంది. మలుపు దగ్గర ఆమె భర్త విడి చక్రాలు పట్టుకుని నిలబడ్డాడు. మొదటి మూడు చుట్లు ఆమె వంక చూశాడు. తర్వాత చూడలేదు.

ఐదో చుట్టులో ముందు గుంపు అందింది. ఆమె తొడలు మండిపోతున్నాయి.

"వదినా" అంది మిడత వెనక నుంచి. మెకానిక్‌ని అన్నా అంటుంది కాబట్టి ఈమెని వదినా అంటుంది. "నువ్వు కొంచెం వెనక్కి రా, నేను ముందుంటా."

"వద్దు. నీ పని నువ్వు చూసుకో."

"నీకు ముందే చెప్పారనుకున్నా వదినా. పొద్దున నీ మొహం చూసేదాకా తెలియలేదు."

ఆమె ఈ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. ఇంకో పదేళ్ళకి ఈ పిల్ల కూడా ఏదో ఒక తలుపు వేసిన గదిలో కూర్చుని, తన సంగతి ఎవరికో నమ్మి చెప్పుకుంటుంది.

మార్పు స్థలంలోకి పదమూడుమంది ఒకేసారి వచ్చిపడ్డారు. ఆమె సైకిలు కమ్మీకి తగిలించింది. హెల్మెట్ తీసింది. మిడత అప్పటికే బూట్లు తొడుక్కుని మూడు గంతుల్లో బయటపడింది. మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. పరుగు దారిలోకి వెళ్ళే ద్వారం దగ్గర రిఫరీ, అతని పక్కన అక్క. అక్క చేతిలో తప్పుకున్నట్టు రాసిన కాగితం అప్పటికే నింపి ఉంది. చిప్పు కోసం రిఫరీ చెయ్యి చాచి ఉంది.

ఆమె వంగి చీలమండకున్న పట్టీ మీద చెయ్యి వేసింది. విప్పడానికే వేసింది. పట్టీ తడిగా ఉంది, వేలు జారింది. వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. అక్క అన్న మాటలన్నీ చెవిలో ఉన్నాయి: ఇంటి పక్కనే కొలను, పూర్తి జీతం, ఇంకేం కావాలి. ఆ 'ఇంకేం కావాలి' దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి పట్టీని వదిలి బూటుని పట్టుకుంది.

రెండో బూటు తొడుక్కుని లేచి నిలబడేసరికి అక్క రెండడుగులు ముందుకొచ్చింది.

"ఏంటిది? ఆగు."

"ఆగనక్కా."

"నా మాట విను. నీ మంచికే—"

"నా మంచి సంగతి నేను చూసుకుంటా. తప్పుకోండి."

అక్క తప్పుకోలేదు. ఆమే పక్క నుంచి వెళ్ళింది. భుజం భుజానికి రాసుకుంది. రిఫరీ ఒకసారి కాగితం వైపు, ఒకసారి ఆమె కాలికున్న చిప్పు వైపు చూసి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రెండున్నర కిలోమీటర్ల చుట్లు నాలుగు. మొదటి చుట్టు కాళ్ళు ఆమెవి కావు. నలభై కిలోమీటర్లు ఇంకొకరి కోసం గాలిని కోసిన కాళ్ళు. ఒకరొకరే దాటిపోయారు. పదమూడో స్థానం పదహారయింది, పదహారు పంతొమ్మిదయింది. రెండో చుట్టులో ఊపిరి కుదుటపడింది. ఎంత దూరంలో ఎవరున్నారో చూడగలిగింది.

మూడో చుట్టు మొదట్లో కెమెరా బండి పక్కకి వచ్చింది. ముందు గుంపుని వదిలేసి ఆమె కోసమే వచ్చింది. గోడ మీది తల్లి పరిగెత్తుతోందని ఎవరో చెప్పి ఉంటారు. మెట్ల దగ్గర కట్టిన పెద్ద తెర మీద ఆమె మొహం, తర్వాత ఆమె మొత్తం మనిషి కనిపించింది. జనం చప్పట్లు కొట్టారు.

ఏడో కిలోమీటరు రాయి దాటాక వెచ్చగా తగిలింది.

నీళ్ళలో దిగేవాళ్ళకి గుడ్డ, దూది పనికిరావు. కండరాలు బిగించింది, నేర్చుకున్నట్టే. కొంచెం ఆగింది. మళ్ళీ వచ్చింది. తొడల లోపలి వైపు తెల్లబట్ట రంగు మారడం ఆమె చూడక్కర్లేదు, తెర చూపిస్తోంది. చప్పట్లు ఒక పక్క నుంచి తగ్గుతూ వచ్చాయి. ఎవరో నవ్వారు. ఎవరో ఊరుకోమన్నారు.

మలుపు దగ్గర ఆమె భర్త కమ్మీ మీదికి సగం వంగి నిలబడ్డాడు. రెండు చేతుల్లో రెండు నీళ్ళ సీసాలు. మూతలు తీసి పెట్టాడు.

"ఒంటి మీద పోసుకో" అన్నాడు. "మొత్తం తడిస్తే కనపడదు. పోసుకో."

ఆమె ఒక సీసా అందుకుంది. రెండు గుటకలు తాగింది. మిగిలిన నీళ్ళతో సహా దాన్ని చెత్తబుట్టలో వేసింది. రెండో సీసా అతని చేతిలోనే ఉండిపోయింది.

మెట్ల ముందు నుంచి పోతుంటే అమ్మ కనిపించింది. ఆవిడ ఇప్పుడు పిల్ల చెయ్యి ఊపడం లేదు. పిల్లని చంకనేసుకుని లేచి నిలబడింది. తెర వంక చూస్తోంది, చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూస్తోంది, మళ్ళీ కూతుర్ని చూస్తోంది. ఆ మొహంలో ఉన్నది సిగ్గో, భయమో, ఇంకేమైనానో ఆమెకి తెలియలేదు. పరిగెత్తుతున్న మనిషికి అంత సేపు దొరకదు.

ఆఖరి చుట్టు గంట మోగింది. కెమెరా బండి ఇంకా పక్కనే ఉంది. ఆమె దారి మధ్యలో నుంచి పక్కకి జరగలేదు. ముందు పద్దెనిమిదిమంది ఉన్నారు; ఇంకో ఇద్దరు దాటితే ఇరవైలో చోటు పోతుంది. వెనక నుంచి రెండు జతల అడుగులు వినిపిస్తున్నాయి, దగ్గరవుతున్నాయి. ఆమె తల తిప్పి చూడలేదు.